గురుదక్షిణకు వెల ఎంత?

ఏప్రిల్ నెల సగం గడిచేసరికి ప్రాథమిక పాఠశాలలకు పండుగ వాతావరణం వస్తుంది. వార్షిక పరీక్షలు ముగుస్తాయి. ఒంటిపూట బడులు నడుస్తూ వుంటాయి. చెప్పవలసిన పాఠమేదీ మిగిలి వుండదు. గోడలకు రంగుకాగితాల తోరణాలు ఎక్కుతాయి. కొన్ని బడులలో పిల్లలే ఉపాధ్యాయులై పాఠం చెప్పే స్వపరిపాలన దినం జరుపుతారు. ఐదవ తరగతి ముగించి వెళ్ళిపోయేవారికి వీడ్కోలు సభ చేస్తారు. అందరూ బారులు తీరి ఛాయాచిత్రం తీయించుకుంటారు. శ్రీకాకుళం పట్టణాన్ని ఆనుకొని వున్న అరసవల్లిలో గాని, నాగావళీ వంశధారల నడుమ మరి ఏ గ్రామంలో గాని, ఆ నాలుగు రోజులు బడి దారిన పోయేవారికి ఈ సందడి వినిపించక మానదు.

ఈ సందడిలో ఇటీవల ఒక కొత్త అంకం చేరింది. అది కానుకల అంకం. చివరి దినాన పిల్లలు ఉపాధ్యాయులకు ఏదో ఒక వస్తువు తెచ్చి ఇస్తారు. ఒకరు గోడగడియారం, ఒకరు కలాల పెట్టె, ఒకరు గాజుబొమ్మ. మెరుగు కాగితం చుట్టి, రంగు నాడా కట్టి, పైన తమ పేరు వ్రాసి మరీ ఇస్తారు. పట్టణాలలోని ప్రైవేటు బడులలో మొదలైన ఈ ముచ్చట మెల్లమెల్లగా పల్లెలకూ పాకుతున్నది. చూచేవారికి ఇది ముద్దుగానే వుంటుంది. అయితే ఆ దినాన బడికి రాని పిల్లవాడొకడు వుంటాడు. తల్లి కూలికి పోతుంది. తండ్రి విశాఖపట్నమో, హైదరాబాదో, చెన్నపట్నమో ఇళ్ళు కట్టే పనికి వలసపోయి వుంటాడు. ఏడాది పొడుగునా అందరితోపాటు బల్లమీద కూర్చున్నవాడు, ఆ ఒక్కనాడు కడుపునొప్పి అని ఇంట్లో పడుకుంటాడు. ఆ కడుపునొప్పికి మందు ఏ వైద్యుని వద్దా లేదు. దానికి మందు ఇవ్వగలవాడు బడిపంతులు ఒక్కడే.

కనుక గురువుకు కృతజ్ఞత చెప్పుకోవడమెట్లా అన్న ప్రశ్న చిన్నదిగా కనిపించినా, నిజానికి చిన్నది కాదు. మన పూర్వులు దీనిని ఎట్లా ఆలోచించారో చూద్దాము.

గురుదక్షిణ కథలు మన వాఙ్మయంలో కొల్లలు. అవన్నీ ఒక్క తీరున వుండవు. ఏకలవ్యుని కథలో దక్షిణ కుడిచేతి బొటనవ్రేలు. ఇన్ని వేల యేండ్లుగా ఆ కథ వినిన ప్రతివాడూ గురువును కాక శిష్యుని తలచుకొనే కన్నీరు పెట్టుకున్నాడు. నన్నయ భారతంలోని ఉదంకుడు గురుపత్ని కోరిన కుండలాలకోసం పౌష్య మహారాజు వద్దకు పోయి, సంపాదించినవాటిని తక్షకునికి పోగొట్టుకొని, నాగలోకందాకా వెళ్ళి తెచ్చాడు. ఇది శిష్యుని పట్టుదలకు నిదర్శనమే గాని, అడిగిన కోరిక ఉచితమైనదా అన్న సంశయం చదువరిని విడువదు.

ఈ కథలలో అన్నిటికంటె నిండైనది కాళిదాసు రఘువంశంలోని ఐదవ సర్గలో వున్నది. కౌత్సుడు వరతంతు మహర్షి వద్ద పదునాలుగు విద్యలు నేర్చాడు. దక్షిణ ఏమివ్వమంటారని అడిగితే, నీ సేవయే నాకు చాలునని గురువు అన్నాడు. శిష్యుడు ఊరుకోలేదు; మళ్ళీ మళ్ళీ అడిగాడు. విసిగిన గురువు విద్యకు ఒక కోటి చొప్పున పదునాలుగు కోట్ల ధనం తెమ్మన్నాడు. కౌత్సుడు రఘుమహారాజు వద్దకు వెళ్ళేసరికి, ఆయన విశ్వజిద్యాగం చేసి సర్వస్వమూ దానమిచ్చి, మట్టిపాత్రలో అర్ఘ్యం తెచ్చి ఎదురువచ్చాడు. చివరకు కుబేరుడు బంగారు వాన కురిపించాడు. రఘువు అంతా తీసుకొమ్మంటాడు. కౌత్సుడు గురువుకు ఇవ్వవలసినదానికంటె ఒక్క కాసు ఎక్కువ తాకనంటాడు. అయోధ్యా ప్రజలు ఇద్దరినీ చూచి మెచ్చుకున్నారు. ఈ కథలో బంగారంకంటె ముఖ్యమైనది గురువు మొదట అన్న మాట. ఆ మాటతో కథ ముగిసి వుంటే పదునాలుగు కోట్ల పని లేదు. శిష్యుడు కానుకను ఒక వస్తువుగా భావించి పట్టుబట్టడంతోనే చిక్కు అంతా వచ్చింది.

కావ్యాలనుంచి మన వీధిబడులకు వద్దాము. ఇప్పటి తాతల తాతలు చదివిన ఆ బడులలో పంతులుగారికి నెల జీతం నికరంగా వుండేది కాదు. ఎవరి శక్తికొలది వారు ధాన్యమో, దుడ్డో ఇచ్చేవారు. అక్షరాభ్యాసంనాడు పంతులుగారికి బట్టలు, తాంబూలం ముట్టేవి. అన్నిటికంటె పెద్ద సందర్భం దసరా. నవరాత్రులలో పంతులుగారు పిల్లలను వెంటబెట్టుకొని ఊరిలో ఇంటింటికీ వెళ్ళేవారు. పిల్లలు మంచి బట్టలు కట్టుకొని, రంగుకాగితాలు అంటించిన విల్లంబులు పట్టుకొని, దసరా పద్యాలు ఏకకంఠంతో పాడేవారు. గృహస్థు పంతులుగారి చేతిలో తనకు తోచినంత మామూలు పెట్టేవాడు. ఇల్లాలు పిల్లల దోసిళ్ళలో వేయించిన పప్పు, బెల్లం పోసేది.

ఈ ఆచారాన్ని కేవలం వేడుకగా చూస్తే అందులోని లోతు తెలియదు. అక్కడ కానుక ఇచ్చినది పిల్లవాడు కాదు, ఊరు. పిల్లవాడు ఇచ్చినది పాట. ఆ పాటలో ధనవంతుని కొడుకు గొంతూ, పేదవాని కొడుకు గొంతూ కలిసిపోయేవి. ఏ ఇంటినుంచి ఎంత వచ్చిందో ఏ పిల్లవాని పేరుమీదా వ్రాసి వుండేది కాదు. పంతులుగారికి ముట్టిన క్షణంలోనే పిల్లలకూ పప్పుబెల్లాలు ముట్టేవి. అందరికీ ఒకే దోసెడు. ఇవ్వడం, పుచ్చుకోవడం, పంచుకోవడం అనే మూడూ ఒకే గుమ్మం ముందు జరిగేవి.

అంతమాత్రాన ఆ కాలమంతా బంగారమని నేననను. పంతులుగారు సంవత్సరానికొకసారి గుమ్మం గుమ్మం తిరిగితే గాని ఇల్లు గడవకపోవడం సమాజానికి గౌరవం కాదు. ఆ పాడే పిల్లల గుంపులోకి రానివారు ఎందరో లెక్క చూస్తే మరింత తల వంగుతుంది. మద్రాసు గవర్నరు థామస్ మన్రో 1822లో జిల్లాల చదువు వివరాలు పంపవలసిందని కలెక్టర్లను అడిగాడు. బళ్ళారి కలెక్టరు ఎ. డి. క్యాంబెల్ 1823 ఆగస్టులో ఇచ్చిన నివేదిక ప్రసిద్ధమైనది. తొమ్మిది లక్షలకు పైబడిన జనాభాగల ఆ జిల్లాలో 533 బడులు, వాటిలో 6,641 మంది పిల్లలు. అంటే వెయ్యిమందికి సుమారు ఏడుగురే. ఆ మొత్తంలో బాలికలు సుమారు 60 మంది. పప్పుబెల్లాల దోసిలి పట్టే భాగ్యం ఎంత కొద్దిమందికి దక్కిందో దీనివల్ల తెలుస్తుంది.

ఆ నివేదికలోనే రెండు చక్కని సంగతులు వున్నవి. ఉదయం బడికి అందరికంటె ముందుగా వచ్చిన పిల్లవాని అరచేతిలో పంతులు గౌరవంగా సరస్వతి పేరు వ్రాసేవాడట. రెండవవానికి సున్న, అంటే మెప్పూ లేదు, తప్పూ లేదు. మూడవవాడినుంచి బెత్తం దెబ్బలు మొదలు. దెబ్బల మాట అటుంచితే, అరచేతిలో వ్రాసిన ఒక పేరు బహుమానంగా చెల్లిన కాలమది. ఇక రెండవది, పెద్దపిల్లలు చిన్నపిల్లలకు చదువు చెప్పే పద్ధతి. ఇంగ్లండువారు కూడా అనుకరించిన ఈ పద్ధతి అభినందనీయమని క్యాంబెల్ వ్రాశాడు. ఈ రెండింటినీ మరల తలచుకోవలసిన సందర్భం ముందు వస్తుంది.

అయితే వీధిబడిలో ‘ఏడాది చివర’ అన్న మాటకు అర్థం లేదు. అక్కడ తరగతులు లేవు. ఇసుకలో వ్రాసేవాడు ఇసుకలో వ్రాసేవాడు. చేయి తిరిగినవాడు తాటాకు పట్టేవాడు. ఎవరి నడక వారిది. తరగతి, వార్షిక పరీక్ష, పై తరగతికి మార్పు అనేవి ఇంగ్లీషువారి ఏలుబడిలో స్థిరపడినవి. పందొమ్మిదవ శతాబ్ది ఉత్తరార్ధంలో మద్రాసు రాజధానిలో ఫలితాల గ్రాంటు అనే పద్ధతి నడిచింది. ఇన్‌స్పెక్టరు వచ్చి పిల్లలను పరీక్షించి, ఎందరు ప్యాసయితే దానినిబట్టి బడికి సొమ్ము మంజూరు చేసేవాడు. అప్పుడు ఏడాది చివర అంటే పంతులు గుండె దడదడ కొట్టుకొనే దినం. పిల్లవాడు గుణింతం తప్పితే పంతులు ఇంట గింజలు తగ్గేవి. ఆ స్థితిలో ఉత్సవాలకు చోటెక్కడిది?

నేడు ప్రభుత్వ పాఠశాల ఉపాధ్యాయునికి జీతం ఖజానానుంచి వస్తుంది. పిల్లలందరికీ ఉచిత నిర్బంధ విద్య హక్కు అని 2009లో శాసనమైనది. విలువైన కానుకలు పుచ్చుకోకుండా ప్రభుత్వోద్యోగులను 1964నాటి ప్రవర్తనా నియమావళి కట్టడి చేస్తూనే వున్నది. అంటే గురువు కడుపు నింపవలసిన భారం పిల్లవాని కానుకమీద ఇక లేదు. శతాబ్దాల తర్వాత మొదటిసారిగా కానుక కేవలం ప్రేమకు గుర్తుగా మిగలగల అవకాశం వచ్చింది. అటువంటి అవకాశాన్ని అంగడి వస్తువుల పాలు చేయడం న్యాయమేనా?

ఈ చిక్కు మనకే వచ్చినది కాదు. దక్షిణ కొరియాలో తమ లిపికి కారకుడైన సేజోంగ్ రాజు జన్మదినమని మే 15ను ఉపాధ్యాయ దినంగా జరుపుకుంటారు. ఆనాడు గురువుకు కార్నేషన్ పువ్వు ఇవ్వడం వారి ఆచారం. కానుకలు శ్రుతిమించడం, లంచానికీ వాటికీ హద్దు చెరగిపోవడం చూచి, 2016 సెప్టెంబరు 28నుంచి అక్కడ కఠినమైన చట్టం అమలుచేశారు. విద్యార్థుల ప్రతినిధి అందరి ఎదుట ఇచ్చే పువ్వుకు అభ్యంతరం లేదు; ఒక్కొక్కరూ విడివిడిగా ఇచ్చే పువ్వు సైతం కూడదన్నారు. జర్మనీ రాజధాని బెర్లినులో ఒక తరగతి తల్లిదండ్రులంతా కలిసి ఉపాధ్యాయురాలికి సుమారు 200 యూరోల బొమ్మ ఒకటి బహూకరించగా, ఆమె 4,000 యూరోలు చెల్లించుకోవలసి వచ్చిందని 2015లో పత్రికలు వ్రాశాయి. కలిసి ఇచ్చినా వెల పెరిగితే చిక్కు తప్పదని దీని తాత్పర్యం. జపానులో దారి వేరు. వారి విద్యాసంవత్సరం మార్చిలో ముగుస్తుంది. 1884లో పాఠశాలల పాటల పుస్తకంలో అచ్చయిన ‘ఆవొగెబ తొతొషి’ అనే గీతాన్ని తరతరాల పిల్లలు ఆ ముగింపు సభలో గురువులకు కృతజ్ఞతగా పాడారు. మన దసరా పాటకు అది దూరపు చుట్టమనిపిస్తుంది. గొంతుతో ఇచ్చే కానుకకు తూకం లేదు, ధర చీటీ లేదు.

మన దేశంలో ఉపాధ్యాయ దినోత్సవానికి కారణమైన సర్వేపల్లి రాధాకృష్ణన్ జీవితంలోనే ఇందుకు ఒక ఉదాహరణ వున్నది. 1931నుంచి 1936వరకు మన ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు ఉపాధ్యక్షులుగా వున్న ఆయన, అంతకు పూర్వం మైసూరులో పనిచేశారు. 1921లో ఆయన కలకత్తాకు బయలుదేరినప్పుడు, విద్యార్థులు పూలతో అలంకరించిన బండికి గుర్రాలను కట్టనివ్వక, తామే లాగుకొంటూ రైలు స్టేషనుకు తీసుకువెళ్ళారు. ఆయన పుచ్చుకున్న బిరుదులలో ఎన్నో ఈనాడు జనానికి జ్ఞాపకం లేవు. ఆ బండి మాత్రం జ్ఞాపకమున్నది.

నేను కళాశాలలో పాఠం చెప్పేవాడిని. మా విద్యార్థులకు వ్యాసరచన నేర్పేటప్పుడు మీ చిన్ననాటి గురువునుగురించి వ్రాయండని అడుగుతూ వుంటాను. తాము ఇచ్చిన వస్తువునుగురించి వ్రాసినవారు నాకు తటస్థపడలేదు. చేయి పట్టుకొని ‘ఱ’ దిద్దించిన టీచరమ్మ, జ్వరం వచ్చిననాడు ఇంటికి వచ్చి చూచిపోయిన మాస్టారు, పేరు పెట్టి పిలిచిన ఒక పిలుపు. ఇవే ఆ కాగితాలనిండా వుంటాయి. పిల్లలు కృతజ్ఞతను ఎక్కడ దాచుకుంటారో దీనినిబట్టి ఊహించవచ్చు.

ఇక ఏడాది చివర చేయదగిన పనులేవి? ఉపాధ్యాయ మిత్రుల ఆలోచనకు కొన్ని మనవి చేస్తాను.

మొదటిది, ఉత్తరం. ప్రతి పిల్లవాడూ ఒక పుట ఉత్తరం వ్రాయాలి. గురువుకే కానక్కరలేదు, మధ్యాహ్నం అన్నం వండి వడ్డించిన అమ్మకు కావచ్చు, బడి ఊడ్చిన ఆయాకు కావచ్చు. ఆ ఉత్తరం పిల్లవాడు ఇంట్లో మాట్లాడే మాటలలోనే వుండనివ్వాలి. దానిమీద ఎర్రసిరా పడరాదు. ముఖలింగం చేరువలోని పర్వతాలపేటలో 1863లో పుట్టి, పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడై, నోటి మాటకు వ్రాతలో గౌరవం కావాలని జీవితమంతా పోరాడిన గిడుగు రామమూర్తి మన పొరుగువాడు గదా! ఆయన సవర పిల్లలకోసం సవర భాష నేర్చుకొని, పుస్తకాలు వ్రాసి, స్వంత సొమ్ముతో బడులు నడిపాడు. గురువు శిష్యులకిచ్చిన దక్షిణ అది.

రెండవది, వెళ్ళిపోయే ఐదవ తరగతి పిల్లలు ఒక పూట ఒకటవ తరగతి పిల్లల ప్రక్కన కూర్చొని వారిచేత అక్షరాలు దిద్దించాలి. క్యాంబెల్ మెచ్చుకున్న పద్ధతి ఇదే. తాను పుచ్చుకున్నదానిని మరొకరికి అందించడంకంటె గురువును సంతోషపెట్టేది మరొకటి లేదు.

మూడవది, తరగతి అంతా కలిసి చేసే ఒక పుస్తకం. నాయనమ్మలను, అమ్మమ్మలను అడిగి తెచ్చిన పొడుపుకథలు, సామెతలు, మన ప్రాంతంలో తప్ప వినిపించని పలుకుబళ్ళు, ఊరి పంటల పేర్లు, చేపల పేర్లు ఒక్కొక్కరూ ఒక్కొక్క పుట వ్రాసి, అట్ట వేసి, దారంతో కుట్టి బడికి విడిచిపోవాలి. ఖర్చు దారం, అట్ట. ఏటా ఒకటి చొప్పున పదేండ్లు గడిస్తే, ఏ విశ్వవిద్యాలయంలోనూ దొరకని పుస్తకాలు ఆ బడి బీరువాలో వుంటాయి.

నాలుగవది, గురువు ఇవ్వవలసిన కానుక. చివరి దినాన ఒక్కొక్క పిల్లవానినీ పేరు పెట్టి పిలిచి, ఆ సంవత్సరంలో అతనిలో తాను చూచిన ఒక మంచిని ఒక్క వాక్యంలో అందరి ఎదుట చెప్పాలి. అది నిజమైనది కావాలి. వెనుకటి పంతులు మొదట వచ్చినవాని అరచేతిలోనే సరస్వతి పేరు వ్రాశాడు. నేటి పంతులు అందరి అరచేతులలోనూ వ్రాయవచ్చు. ఆ తర్వాత అందరికీ ఒకే కొలతగా పప్పుబెల్లాలు పంచితే పాత ఆచారంలోని తీపి మళ్ళీ నోటికి తగులుతుంది.

మరి పిల్లలు ప్రేమతో తెచ్చేవాటిని త్రోసివేయమంటారా అని అడగవచ్చు. ఆ ఎండల రోజులలో పిల్లలు తాటిముంజెలో, దొడ్డిలో కాసిన మామిడికాయో, గుప్పెడు మల్లెమొగ్గలో తెస్తారు. వాటిని పుచ్చుకోవలసినదే, వెంటనే తరగతిలో అందరికీ పంచవలసినదే. సిగ్గుతో వెనుక దాచుకున్నవాని చేతిని మాత్రం ముందుగా చూడాలి. సాందీపని వద్ద తనతో చదువుకున్న కుచేలుడు అటుకుల మూట దాచుకుంటే, శ్రీకృష్ణుడు తానే చేయిచాచి తీసుకున్నాడు. పోతన భాగవతంలో ఆ ఘట్టం పాఠంగా చెప్పిన ప్రతి ఉపాధ్యాయునికీ ఆ చేయి చాచడం తెలిసే వుంటుంది. మెరుగు కాగితం చుట్టిన పెట్టెలను మాత్రం, తల్లిదండ్రులకు ఫిబ్రవరి, మార్చి నెలలలోనే ఒక మాట చెప్పి, మృదువుగా వారించాలి. చివరినాడు నిరాకరిస్తే పసిమనసు నొచ్చుకుంటుంది.

ఈ సందర్భంలో అరసవల్లి క్షేత్రం మనకొక పాఠం చెబుతున్నది. మార్చి రెండవ వారంలోనూ, అక్టోబరు తొలిరోజులలోనూ ఉదయకిరణాలు ద్వారాలు దాటి వచ్చి సూర్యనారాయణమూర్తి పాదాలమీద పడతాయి. అక్టోబరు కిరణాలు దసరా దినాలకు దగ్గర. మార్చి కిరణాలు బడులు ముగిసే దినాలకు దగ్గర. వెలుగు పాదాలను తాకే ఆ దృశ్యం చూడడానికి జనం తెల్లవారుజామున బారులు తీరుతారు. లోకానికంతటికీ వెలుగిచ్చే ఆ దేవునికి భక్తుడు ఇచ్చేదేమిటి? దోసెడు నీళ్ళు. ఆ నీరు సూర్యుడు పైకెత్తి వానగా కురిపించినదే. రాజు ఇచ్చినా, కూలివాడు ఇచ్చినా అర్ఘ్యం దోసెడే. దానికి పెద్దదీ లేదు, చిన్నదీ లేదు. గురువుకు ఇచ్చే కానుక ఈ కొలతకు సరిపోతే చాలును.

కాబట్టి ఏడాది చివరి ఉత్సవం బాగా జరిగిందా లేదా అని తెలుసుకోవడానికి బల్లమీద పోగుపడిన పెట్టెలను లెక్కపెట్టనక్కరలేదు. ఆనాటి హాజరుపట్టీ తీసి చూస్తే సరిపోతుంది. ఏమీ తేలేనని సిగ్గుపడి ఇంట్లో ఆగిపోయిన పిల్లవాడు ఒక్కడు కూడా అందులో లేకపోతే, ఆ ఉపాధ్యాయునికి ఆ సంవత్సరపు దక్షిణ ముట్టినట్లే.